ఐదుగురం విన్నది ఒకటేనా?

వర్క్‌షాపుకు పోయి వచ్చిన వాళ్ళ ఇంట్లో మూడు వస్తువులు తప్పక కనిపిస్తాయి. ఒక గుడ్డ సంచి, ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను. సంచి సంతకు పనికొస్తుంది. పెన్ను పిల్లలు తీసుకుంటారు. పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు నిండి ఉంటాయి, మిగిలినవి పాల లెక్క రాసుకోవడానికి సరిపోతాయి. ప్రియులారా, ఎగతాళికి ఈ మాట రాయడం లేదు. మన పల్లెల్లో శిక్షణ అనే దానికి పట్టిన గతి ఇదే కదా. నేర్చుకున్నది నేర్చుకున్నవాడి దగ్గరే ఆగిపోతుంది. ఆ మనిషి ఊరు మారితే దానితోపాటు పాఠమూ బస్సెక్కి వెళ్ళిపోతుంది.

మా ఊరి నీటి కమిటీ తరఫున ఐదుగురం మూడు రోజుల శిక్షణకు వెళ్ళాము. పొదుపు సంఘాల అక్క, ఇద్దరు బోరు రైతులు, బడి పంతులు, సంఘకాపరి. ఈ కమిటీ ఏ ఒక్కరి సొంతమూ కాదు. పంచాయతీ వారు, పొదుపు సంఘాలు, రైతులు, బడి, మందిరం, రామాలయం పెద్దలు కలిసి నిలబెట్టుకున్నది. పిలుపు కాగితంలో "బోరున్న రైతులు" అని ఉంది గనుక కాలనీ నుంచి ఎవరూ రాలేదు. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాము, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది.

తిరుగు బస్సులో ఒక ముచ్చట జరిగింది. పక్క సీటులోని పెద్దాయన "ఏమి నేర్పినారప్పా మూడు దినాలు?" అని అడిగాడు. రైతుల్లో ఒకాయన "వరి పెట్టొద్దన్నారు" అన్నాడు. రెండో ఆయన "అట్ల యాడన్నారు? బోర్లన్నీ కలిపి పైపులేసుకోమన్నారు" అన్నాడు. పంతులు గారు వాన నీటి లెక్క అన్నారు. సంఘకాపరి ఐక్యత గురించి ఏదో చెప్పబోయారు. అక్క మాత్రం కిటికీ వైపు తిరిగి నవ్వుతోంది. ఒకే గదిలో, ఒకే పలక మీద రాసినదాన్ని ఐదుగురం ఐదు రకాలుగా మోసుకొస్తున్నాము.

అందుకని ఊరికి ఏమీ చెప్పకముందే ఒక రాత్రి బడి వరండాలో కూర్చున్నాము. ఎవరి పుస్తకం వారు తెరిచి, విన్నది విన్నట్టు చదివాము. తేడా వచ్చిన చోటల్లా ఆగాము. మూడు గంటలు పట్టింది. విచిత్రమేమంటే అందరికంటే సరిగ్గా గుర్తున్నది అక్కకే, ఆమెకు చదవడం అంతగా రాదు. మేము పలక చూసి రాసుకుంటున్నప్పుడు ఆమె బోరులోకి టేపు వదిలింది, డ్రమ్ము నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో వేళ్ళ మీద లెక్కపెట్టింది. చేత్తో చేసినది ఆమెకు నిలిచింది. ఆ రాత్రే ఒక మాట అనుకున్నాము: ఊరిలో ఉపన్యాసం ఇవ్వకూడదు, కొలతలే చూపించాలి.

ఈ కొలతల సంగతి మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. 2003 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ భూగర్భ జలాన్ని కొలుచుకునే పని మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. ఆరు వందలకు పైగా పల్లెల్లో ఆడా మగా రైతులు వానమాపకం చదివారు, బోరులో నీటిమట్టం చూశారు, రబీ విత్తకముందే ఊరిలో ఉన్న నీరెంత, వేయాలనుకున్న పైరుకు కావలసినదెంత అని అందరి ముందూ లెక్క కట్టారు. ఆ పథకంలో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఫలానా పైరు వేయవద్దు అని ఎవరికీ ఆజ్ఞ లేదు, మానితే డబ్బిస్తామని ఆశా లేదు. లెక్క చూసిన తరువాత ఎవరి నిర్ణయం వారిదే. చాలామంది నీళ్ళు తక్కువ తాగే పైర్లకు మళ్ళారు.

మా మొదటి కూడిక అనుకున్నంత సాఫీగా సాగలేదు. బోర్ల లోతు కొలుస్తామని చెప్పగానే వెనక వరుస నుంచి ఒకాయన లేచాడు.

"కొలిచేది మీరు. రాసుకునేది మీరు. రేపు ఆ పుస్తకం ఎవురి చేతికి పోతుంది పాస్టరయ్యా? మీటర్లు బిగించే దానికి మొదటి లిస్టు అదే కాదా?"

అందరూ నిశ్శబ్దమయ్యారు. ఆ భయం ఉత్తది కాదు. ఉచిత కరెంటు మీద బతుకుతున్న రైతుకు మీటరు అనే మాట ఎలా వినపడుతుందో పల్లెలో ఉండేవారికి తెలుసు. "అలాంటిదేమీ లేదన్నా" అని ఒక్క మాటతో దాటవేయడం సులువే. ఆ సులువు పని మేము చేయలేదు. అక్క లేచి, "అట్లయితే పుస్తకం నీ దగ్గరే పెట్టుకో అన్నా. నువ్వే రాయి" అంది. ఆయన ఇంకో ఇద్దరిని తోడు తెచ్చుకున్నాడు. పేర్లు రాయకుండా బోర్లకు గుర్తులు పెట్టాలని వాళ్ళే తేల్చారు. ఊరి పుస్తకం ఈ రోజుకూ అనుమానపడిన ఆ అన్న ఇంటి గూట్లోనే ఉంది. కమిటీలో ఆయనంత జాగ్రత్తగా రాసేవారు ఇంకొకరు లేరు. అనుమానపడేవాణ్ణి బయట పెట్టి నడిపిన కమిటీలను చాలా చూశాము. అవి మెత్తగా నడుస్తాయి, మొదటి ఎండాకాలం వరకు.

కొలవడంలోనూ తిప్పలున్నాయి. టేపు దిగాలంటే కేసింగుకూ పైపుకూ మధ్య సందు ఉండాలి. చాలా బోర్లకు బిగింపు పట్టీ అడ్డం. మోటారు ఆగిన వెంటనే కొలిస్తే మట్టం తప్పు చూపుతుంది, కొన్ని గంటలు ఊరనివ్వాలి. కరెంటు రాగానే తనంతట తాను తిరిగే ఆటో స్టార్టర్లు మా దగ్గర ఇంటింటికీ ఉన్నాయి గనుక ఊరనివ్వాలంటే ఎవరో ఒకరు పొలానికి పోయి దాన్ని ఆపాలి. చివరకు నీరు తక్కువై వదిలేసిన పాత బోర్లు కొన్నిటిని కొలతకు ఎంచుకున్నాము. ఒకప్పుడు అప్పుచేసి వేసి, కడుపు కాలి వదిలేసిన బోరు ఇప్పుడు ఊరందరికీ లెక్క చెబుతోంది. మా పొలాల్లో బోర్లకు పేర్లుంటాయి లెండి. పెండ్లి బోరు, అప్పుల బోరు, అల్లుని బోరు. కొలతకు మొదట దొరికింది అప్పుల బోరే.

వానమాపకం పాఠం పిల్లలతో మొదలుపెట్టాము. ఒక వెడల్పు డబ్బా, ఒక సన్నని డబ్బా, రెండూ నిలువు అంచులవి, బడి ఆవరణలో పక్కపక్కన పెట్టి వాన తరువాత చూడమన్నాము. పెద్దదాంట్లో ఎక్కువ ఎత్తు ఉంటుందని పిల్లలే కాదు, పెద్దలూ పందెం కాశారు. రెండింటిలోనూ ఒకటే ఎత్తు. డబ్బాలో 10 మిల్లీమీటర్లు నిలిస్తే చేను మీద కూడా 10 మిల్లీమీటర్లే పడినట్టు. ఒక ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. ఈ ఒక్క అంకె తెలిస్తే మిగిలిన లెక్కంతా ఎవరైనా చేసుకోవచ్చు.

ఆ లెక్క బడి గోడ మీద సుద్దముక్కతో వేశాము. అనంతపురం ప్రాంతానికి ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. వినడానికి చాలా ఉంది. కానీ ఎండకు పోయేది, వంకల్లో పారిపోయేది, పైరూ చెట్టూ తాగేది పోగా, మన రాతి నేలల్లో కింది పొరలకు దిగేది మోటుగా వందలో పది పాళ్ళు. అంటే 2 లక్షల 20 వేల లీటర్లు. రబీలో ఒక ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు, అంటే 48 లక్షల లీటర్లు పెట్టాలి. భాగించి చూస్తే ఒక ఎకరం వరి కోసం ఇరవై పైచిలుకు ఎకరాల మీద ఇంకిన నీరు పైకి తోడుతున్నాము. మడిలో పెట్టిన దాంట్లో కొంత మళ్ళీ కిందికి దిగుతుంది, అదీ నిజమే, అయినా లెక్క తల్లకిందులు కాదు. సెనక్కాయకైతే సుమారు 500 మిల్లీమీటర్లు చాలు, సగం కూడా కాదు.

అప్పుడే కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఆమెను పొదుపు సంఘం అక్క చేయి పట్టుకుని తీసుకొచ్చింది. "మాకు బోరూ లేదు, చేనూ లేదు, మాకెందుకీ మీటింగు?" అంటూనే వచ్చింది. గోడ మీద అంకెలు ఆమెకు పట్టలేదు. కానీ ఆమె చెప్పిన ఒక మాటకు మా శిక్షణ పుస్తకాలు ఐదూ సరిపోవు.

"పోయిన ఎండాకాలం ట్రాన్స్‌ఫారం కాలిపోయె చూడు, నాలుగు దినాలు చేన్లకు కరెంటు లేకపాయె. ఆ నాలుగు దినాలూ మా కుళాయిలో బిందె బిరీన నిండె. కరెంటొచ్చినాక మళ్ళీ సన్నంగా అయిపాయె. అప్పుడే అనుకుంటిమి. ఎవురితో చెప్పేది?"

కాలనీకి నీరిచ్చే బోరు వేరే లైను మీద ఉంది. పొలాల మోటార్లు ఆగినప్పుడు దానికి నీరు ఊరింది. మూడు రోజుల శిక్షణలో బొమ్మలు గీసి చూపిన సంగతిని కాలనీ ఆడవాళ్ళు కళ్ళారా చూసి, ఏడాదిగా గుండెల్లో పెట్టుకుని ఉన్నారు. అడిగినవారు లేరు. రైతులకు తమ బోర్లు ఎప్పుడు తగ్గుతాయో తెలుసు, కాలనీ కుళాయి సంగతి తెలియదు. కాలనీ వారికి కుళాయి సంగతి తెలుసు, ఏ మోటారు ఎంతసేపు తిరుగుతుందో తెలియదు. పంతులు గారికి లెక్క తెలుసు. కలిసి పనిచేయడం అనే మాటను సభల్లో ఎంతో తీయగా చెబుతుంటాము. మా ఊరిలో దాని అర్థం ఆ సాయంత్రం ఇంతే: ఒకరి దగ్గర సగం, ఇంకొకరి దగ్గర సగం ఉన్న నిజాన్ని ఒక గోడ దగ్గరికి తేవడం.

పంతులు గారు అక్కడికక్కడే ఇంకో లెక్క వేశారు. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. 200 మంది ఉన్న వాడకు రోజుకు 11,000 లీటర్లు. ఒక ఎకరం రబీ వరికి పెట్టే 48 లక్షల లీటర్లు అలాంటి వాడకు నాలుగు వందల రోజులకు పైగా వస్తాయి. ఈ మాట విన్న తరువాత ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక రైతన్న బీడీ పారేసి, "అంటే మేము వాళ్ళ నీళ్ళు తాగేసినామంటావా సారూ?" అన్నాడు. గొంతులో కోపముంది. పంతులు గారు తొందరపడలేదు. "నీళ్ళకు పేరు లేదన్నా, అందరి కింద ఒకటే ఉంది" అన్నారు.

మాలో కొందరికి చట్టం గుర్తొచ్చింది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. శిక్షణలో ఆ కాగితం ఇచ్చారు. దాన్ని బయటికి తీయాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకున్నాము. కాలనీ యువకులు తీయమన్నారు, వారి ఆవేదన న్యాయమైనదే. మా మటుకు మేము అనుకున్నది ఏమంటే, చట్టం అందరికీ తెలియాలి, దాచకూడదు. కానీ అది బెదిరింపుగా మొదటి రోజే వస్తే టేపు పట్టుకుని పొలంలో అడుగు పెట్టనిచ్చే వారుండరు. చట్టం సంగతి గోడ మీద లెక్కల పక్కనే రాశాము, అందరికీ కనిపించేలా. ఎవరి వైపూ వేలు చూపలేదు.

ఆదికాండములో గెరారు లోయలో ఇస్సాకు దాసులు తవ్విన బావుల కథ మీకు తెలుసు. నీళ్ళు మావి అని అక్కడి కాపరులు జగడమాడారు. ఆ ప్రసంగం చాలాసార్లు విన్నాము, చెప్పాము కూడా, ఎప్పుడూ ఇస్సాకు సాత్వికం గురించే. ఈసారి ఇంకొకటి కంటబడింది. జగడం జరిగిన బావికి ఏశెకు అని, తరువాతి దానికి శిత్నా అని పేర్లు పెట్టారు. గొడవను కప్పిపుచ్చలేదు, బావి పేరులోనే ఉంచారు. దారిన పోయేవారికి కూడా తెలిసేలా. ఎవరూ జగడమాడని బావికి రహెబోతు అని పేరు వచ్చింది, అది మూడవది. రామాలయం పూజారి గారు కూడా ఈ కథ విని, "మన అప్పుల బోరు కూడా అట్లాంటిదే కదా స్వామీ" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆ సాయంత్రానికి చాలా అవసరమైంది.

తరువాత ఏమైందని అడుగుతారు. పెద్ద అద్భుతమేమీ జరగలేదు. కాలనీ బోరుకు దగ్గరగా ఉన్న రైతులు ముగ్గురు రబీలో వరి మాని సెనక్కాయ పెట్టారు. అందులో ఒకరు పక్క చేనాయనకు పైపు వేసి ఒక తడి ఇచ్చారు, ఆయన కొత్త బోరు వేయాలని పాయింటు చూపించుకుని, కొబ్బరికాయ కూడా కొట్టించి, ఆగిపోయినవాడు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున కాలనీకి నీరు వదిలే వేళ ఆ చుట్టుపక్కల ఆటో స్టార్టర్లు తీసి ఉంచాలని మాట అయింది. ఆ మాట నిలుస్తోందా లేదా చూసే పని కాలనీ అమ్మలదే. కుళాయి సన్నబడితే వాళ్ళు నేరుగా రైతుకు కబురు చేస్తారు. మధ్యలో పాస్టరయ్యా వద్దు, పంచాయతీ వద్దు.

ఒక అన్న మాత్రం ఒప్పుకోలేదు. ఆయన మూడు బోర్లు ఎండిపోయిన తరువాత నాలుగవది వేశాడు, అప్పు ఇంకా తీరలేదు. "వరి గింజలే మా ఇంటి తిండి. ఆరుగురం తినాల. సెనక్కాయ రేటు పడిపోతే మీ కమిటీ ఇస్తుందా బియ్యం?" అన్నాడు. జవాబు చెప్పగలిగినవారు ఎవరూ లేకపోయారు. ఆయన అడిగినది మా శిక్షణలో ఎవరూ చెప్పని పాఠం. నీటి లెక్క ఒక్కటే గోడ మీద ఉంటే చాలదు, బియ్యం లెక్కా అప్పు లెక్కా కూడా దాని పక్కన ఉండాలి. పొదుపు సంఘం అక్క ఇప్పుడు ఆ దిక్కుగా ఆలోచిస్తోంది, సంఘంలో మాట్లాడుతోంది. ఆయనను పదిమందిలో నిలదీయకూడదని కమిటీలో అందరమూ అనుకున్నాము. ఆయన వరి ఆయన పెట్టుకున్నాడు. శనివారం కొలత వేళకు వస్తాడు, వెనక నిలబడి అంకె వింటాడు, వెళ్ళిపోతాడు.

ఈ మధ్య పక్క ఊరి వారు వచ్చి, మీ కమిటీ వాళ్ళు ఒకసారి మా దగ్గర మాట్లాడండి అని అడిగారు. మైకు, కుర్చీలు ఏర్పాటు చేస్తామన్నారు. శిక్షణకు పోయివచ్చిన మా ఐదుగురిలో ఎవరూ వెళ్ళలేదు. పుస్తకం రాసే అన్న, ఇంటరు చదివే కాలనీ అమ్మాయి, ఇద్దరూ వెళ్ళారు. మైకు వద్దన్నారట. ఆ ఊరి పాడుబడిన బోరు ఒకటి చూపించమని, టేపు ఆ ఊరి పెద్దాయన చేతికే ఇచ్చారట. ఎన్ని అడుగుల దగ్గర నీరు తగిలిందో ఆయనే గట్టిగా చెప్పాడట. చెప్పినాక కాసేపు ఎవరూ మాట్లాడలేదని అమ్మాయి వచ్చి చెప్పింది. తమ బోరులో నీరు ఎంత కిందికి పోయిందో వాళ్ళు అంతవరకూ చూడలేదు.

వచ్చే శనివారం మా కొలత. ఈసారి అల్లుని బోరు దగ్గర, పొద్దున ఆరింటికి. టేపు పక్క ఊరి వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, శుక్రవారం సాయంత్రానికి తెచ్చిస్తామన్నారు. స్టార్టరు ముందు రాత్రే తీసే పని పంతులు గారికి అప్పగించాము.